చెప్పులేసుకుంటే కొట్టదనే మాట ఇక మానేద్దాం!

మృగశిర కార్తె వచ్చేలోపు మన వాడలో ప్రతి ఇంటి ప్లగ్గూ పరీక్ష చేయించుకుందాం

అమ్మలారా, అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా! సొంతింటివాళ్లూ, అద్దెకున్నవాళ్లూ, అద్దెకిచ్చినవాళ్లూ!

వాషింగ్ మెషీన్ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందా? తడిచేత్తో ఫ్రిజ్ తలుపు తీస్తే సుర్రుమంటోందా? గ్రైండర్‌లోంచి పిండి తీసేటప్పుడు మోచేతి దాకా లాగుతోందా? లాగితే ఏం చేస్తున్నాం? చెప్పులు వేసుకుంటున్నాం. గోనెపట్టా పరుచుకుంటున్నాం. "మా మిషను గుణమే అంత, కొంచెం కొడుతుంది" అని నవ్వి ఊరుకుంటున్నాం. చుట్టాలొస్తే మంచినీళ్లిచ్చి, ఆ వెంటనే "ఫ్రిజ్ మాత్రం ఉత్తకాళ్లతో ముట్టుకోకండి" అని జాగ్రత్త కూడా చెబుతున్నాం.

ఏ మిషనుకూ కొట్టే గుణం ఉండదు. లోపల ఎక్కడో కరెంటు బయటి రేకు మీదికి కారుతోంది. కారిన కరెంటుకు నేలలోకి పోయే దారి లేక అక్కడే కాచుకుని ఉంది. మీరు ముట్టుకుంటే ఆ దారి మీరే అవుతారు. చెప్పులు చేసేదల్లా ఆ దారిని కాస్త ఇరుకు చేయడమే. చెప్పు తడిసిన రోజున, గోడకు మోచెయ్యి ఆనిన రోజున, రెండో చేత్తో కుళాయి పట్టుకున్న రోజున ఆ కాస్త అడ్డూ ఉండదు.

కరెంటు పోవాల్సిన అసలు దారి మీ ప్లగ్గు బోర్డులోనే ఉంది. మూడు రంధ్రాల్లో పైది, పెద్దది. దాన్నే ఎర్త్ అంటాం. మన వాడలో చాలా ఇళ్లలో ఆ రంధ్రం వెనక వైరే లేదు. కొన్నిచోట్ల వైరుంది గానీ అది ఎక్కడికీ పోదు. ఇంకొన్నిచోట్ల పోకూడని చోటికి పోతోంది. ఈ కాగితం ముఖ్యంగా ఆ పై రంధ్రం గురించే.

ముందు మీరే చూసుకోగలిగినవి

సాకెట్‌కు ఎదురుగా నిలబడండి. పెద్ద రంధ్రం పైకి ఉండేలా బిగించి ఉంటే, కుడిచేతివైపుది ఫేజు, ఎడమచేతివైపుది న్యూట్రల్. టెస్టర్ ఒక్కటి ఉంటే సగం సంగతి తెలుస్తుంది. కాళ్లకు పొడి చెప్పులు వేసుకోండి (ఇక్కడ మాత్రం చెప్పులు కావాలి), చేతులు తుడుచుకోండి, పిల్లల్ని దూరంగా పంపండి. స్విచ్చు వేసి చూస్తే కుడివైపు రంధ్రంలో మాత్రమే టెస్టర్ వెలగాలి. స్విచ్చు ఆపితే ఎక్కడా వెలగకూడదు. ఈ మధ్య వస్తున్న సాకెట్లలో కింది రంధ్రాలకు లోపల షట్టర్ ఉంటుంది, టెస్టర్ దూరదు. దాన్ని బలవంతంగా తెరవకండి. వాటి సంగతి తర్వాత చెబుతాం.

ఎడమవైపు వెలిగి కుడివైపు వెలగకపోతే వైర్లు తారుమారయ్యాయి. తారుమారైనా ఫ్యాను తిరుగుతుంది, టీవీ ఆడుతుంది, ఎవరికీ అనుమానం రాదు. స్విచ్చు ఆపాక కూడా సాకెట్లో టెస్టర్ వెలుగుతూనే ఉంటే ఇంకో తప్పు: స్విచ్చు ఫేజుకు బదులు న్యూట్రల్‌ను తెంచుతోంది. అంటే మీరు "ఆపేశాను కదా" అనుకుని మిక్సీ విప్పేటప్పుడు, బల్బు మార్చేటప్పుడు, లోపల 230 వోల్టులూ అలాగే ఉన్నాయి. స్విచ్చు ఆపినా ఎల్ఈడీ బల్బు చీకట్లో మిణుకుమిణుకుమంటోందంటే చాలాసార్లు కారణం ఇదే. స్విచ్చులో చిన్న ఇండికేటర్ దీపం ఉన్నా అలా మిణుకుమంటుంది. అందుకే బల్బును చూసి తీర్పు చెప్పకుండా టెస్టర్‌తో చూడండి.

కింది రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోంది, సామాను మాత్రం పనిచేయడం లేదా? న్యూట్రల్ ఎక్కడో తెగింది. అదే లైన్లో స్విచ్చు వేసి ఉన్న ఇంకేదో సామానులోంచి ఫేజు వెనక్కి తిరిగి వచ్చి ఎడమ రంధ్రంలో కూర్చుంది. "కరెంటుంది, టెస్టర్ వెలుగుతోంది, ఫ్యానే పోయింది" అని కొత్త ఫ్యాను కొనుక్కొచ్చి బిగించి, అదీ తిరగక తలపట్టుకున్నవాళ్లను మేం చూశాం. తెగింది ముడి, కొన్నది ఫ్యాను.

పై రంధ్రంలో వెలిగిందా, ఇక ఒక్క క్షణం ఆలోచించకండి. మెయిన్ ఆపండి. ఆ ఎర్త్ వైరు ఎన్ని సాకెట్లకు పోతుందో అన్నిచోట్లా ప్లగ్గు పెట్టిన ప్రతి ఇనుప సామానుకూ కరెంటు ఎక్కి ఉండవచ్చు. మనిషి వచ్చి చూసేదాకా మెయిన్ వేయకండి.

ఇక టెస్టర్ చెప్పలేనిది ఒకటుంది, అదే అసలైనది. పై రంధ్రం వెనక మంచి ఎర్త్ ఉన్నా టెస్టర్ వెలగదు, అక్కడ గాలి తప్ప ఏమీ లేకపోయినా వెలగదు. "టెస్టర్ పెట్టి చూశాం, అంతా బాగుంది" అనే ఇళ్లలో కూడా ఎర్త్ లేకపోవడానికి కారణమిదే.

దీనికి మూడు చిన్న దీపాలుండే ప్లగ్ టెస్టర్ దొరుకుతుంది. కరెంటు సామాన్ల షాపులో అడగండి, పెద్ద ఖర్చు కాదు. త్రీపిన్ ప్లగ్గు ఆకారంలోనే ఉంటుంది కాబట్టి షట్టర్ సాకెట్లోనూ దూరుతుంది. ఎర్త్ లేకపోయినా, ఫేజు న్యూట్రల్ తారుమారైనా, న్యూట్రల్ తెగినా ఏ దీపాలు వెలగాలో దాని మీదే అచ్చువేసి ఉంటుంది. వాడకు రెండు ఉంటే చాలు, ఇల్లిల్లూ తిప్పవచ్చు. వచ్చే ఆదివారం ఇల్లిల్లూ పరీక్షించడానికి మేం తెస్తున్నాం.

అయితే అన్ని దీపాలూ సరిగ్గా వెలిగినా పట్టుబడని మోసం ఒకటుంది.

జంపరు అనే పాడుపని

ఎర్త్ లేని ఇంట్లో ఎవరైనా "ఎర్త్ కావాలి" అని అడిగితే, మా వైరింగ్ పనివాళ్లలోనే కొందరు చేసే పని ఇది. బోర్డు విప్పి, న్యూట్రల్ నుంచి చిన్న వైరు ముక్క తీసి పై రంధ్రం వెనక బిగిస్తారు. రెండు నిమిషాల పని. బల్బు పెట్టి చూపిస్తారు, ఫుల్‌గా వెలుగుతుంది. ప్లగ్ టెస్టర్ కూడా బాగానే ఉందంటుంది. ఇంటివాళ్లు డబ్బులిచ్చి పంపిస్తారు.

ఆ తర్వాత ఏ గాలివానకో మీటరు దగ్గర న్యూట్రల్ ముడి వదులవుతుంది. అప్పుడు ఫేజు ఫ్రిజ్ మోటారులోంచి న్యూట్రల్‌కు వచ్చి, అక్కడి నుంచి జంపరు మీదుగా ఫ్రిజ్ రేకు మీదికే చేరుతుంది. ముట్టుకుంటే కొట్టేది జివ్వుమనే కరెంటు కాదు, మొత్తం 230 వోల్టులు. ఎర్త్ లేకపోతే ఉన్న ప్రమాదం కంటే ఈ దొంగ ఎర్త్ ప్రమాదం పెద్దది. ఎందుకంటే ఎర్త్ లేని ఇంట్లో మనిషి కనీసం చెప్పులేసుకుంటాడు, ఇక్కడ ధైర్యంగా ఉత్తకాళ్లతో వెళ్తాడు.

దీన్ని పట్టుకోవడం తెలిసినవాళ్ల పని. ఐరన్ పెట్టెనో, గీజరో నడుస్తుండగా మీటరు పెట్టి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూస్తారు. అంత లోడు నడుస్తుంటే ఆ రెంటి మధ్య మామూలుగా వోల్టో రెండు వోల్టులో కనబడాలి. నిక్కచ్చిగా సున్నా వస్తే అనుమానించి, మెయిన్ ఆపి, సాకెట్ బయటికి లాగి కళ్లతో చూడాలి. మీ ఇంటికొచ్చిన మనిషితో ఒక్క మాటనండి: "అన్నా, సాకెట్ వెనక జంపరుందేమో విప్పి చూపించు." ఆ ఒక్క మాటతో అతని పని తీరే మారిపోతుంది.

బాత్‌రూం కుళాయి గొట్టానికి వైరు చుట్టి ఎర్త్ అనిపించుకోవడం ఇంకో పాత అలవాటు. గొట్టాలన్నీ ప్లాస్టిక్‌వి అయ్యాక అది నేలదాకా పోయేదే లేదు. మధ్యలో నాలుగు అడుగుల ఇనుప గొట్టం మిగిలి ఉంటే మాత్రం, ఒక గదిలో కారిన కరెంటు ఇంకో గదిలో స్నానం చేసేవాళ్ల చేతికి చేరుతుంది.

ఎర్త్ గుంత ఎక్కడుంది?

ఇంటి యజమానులను అడుగుతున్నాం: మీ ఇంటి ఎర్త్ గుంత ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలరా? మీటరు పెట్టె కింద నుంచి ఆకుపచ్చ వైరో, జీఐ తీగో నేలలోకి దిగుతుందా, లేక ప్లాస్టరింగ్‌లోకి దూరి మాయమవుతుందా? ఇల్లు కట్టేటప్పుడు స్లాబు ఊచకు చుట్టి వదిలేసినవీ, గుంత మీద టైల్స్ వేసి మూసేసినవీ, జానెడు ఊచ పాతి సరిపెట్టినవీ మన చుట్టూ ఉన్నాయి. ఎర్తింగ్‌కు మన దేశంలో ఐఎస్ 3043 అనే ప్రమాణం ఉంది. జీఐ పైపు పాతే పద్ధతిలో ఆ పైపు కనీసం రెండున్నర మీటర్లు ఉండాలని అందులో రాసి ఉంది. మనిషి నిలబడితే మునిగిపోయేంత లోతు. చుట్టూ బొగ్గు, ఉప్పు వేస్తారు, నీళ్లు పోయడానికి పైన గరాటు పెడతారు.

ఈ పని ఇప్పుడే ఎందుకంటున్నామో చెప్పాలి. ఎర్త్ పనిచేసేది నేలలోని తడితో. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు ఆ తడి ఏడాదిలోకెల్లా తక్కువగా ఉంటుంది. ఇప్పుడు పరీక్షిస్తే నిలబడిన ఎర్త్ ఏడాది పొడవునా నిలబడుతుంది. వర్షాకాలంలో పరీక్షించి "బ్రహ్మాండంగా ఉంది" అనుకున్నది మే నెలలో చేతులెత్తేయవచ్చు. పైగా మృగశిర వచ్చి నాలుగు వానలు పడితే గోడలు చెమ్మపడతాయి, పైపుల్లోకి నీళ్లు దిగుతాయి, ఎలుక కొరికిన వైరు నుంచి గోడకే కరెంటు పాకుతుంది. మృగశిర నాడు చేపలు తెచ్చుకోవడం ఎవరూ మరిచిపోరు. దానికి ముందు వచ్చే ఆదివారం ఇది కూడా చేసేద్దాం.

గుంతలో రెండు బిందెల నీళ్లు పోయడం ఈ సాయంత్రమే చేయవచ్చు. పోశాక షాక్ తగ్గిందంటే సంతోషించకండి. గుంత బలహీనంగా ఉందని, లోపల ఏదో సామాను కరెంటు కారుస్తోందని రెండూ ఒకేసారి తేలాయన్నమాట.

ఎమ్‌సీబీ ఉంది కదా అంటారు

ఎమ్‌సీబీ వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. లెక్క చూడండి. తడిచేత్తో కరెంటు పట్టుకున్న మనిషి ఒంట్లోంచి పోయేది ఆంపియరులో ఐదో వంతో, ఇంకా తక్కువో. ప్రాణం తీయడానికి అది ఎక్కువే. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీకి మాత్రం అది లెక్కలోకే రాదు, నిశ్చింతగా నిలబడి ఉంటుంది.

"మాకు సొంత ఎర్త్ గుంత ఉంది" అనేవాళ్లు కూడా వినండి. గుంత నిరోధం 10 ఓములు అనుకోండి, ఇంటి గుంతకు అది మరీ చెడ్డదేం కాదు. ఫేజు పూర్తిగా గ్రైండర్ రేకుకు తగిలినా ఆ గుంతలోకి పోయేది 23 ఆంపియర్లే. ఇళ్లలో వాడే సీ రకం 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ వెంటనే పడాలంటే 80 దాటాలి. అది పడేలోపు రేకు మీద వోల్టేజీ అలాగే ఉంటుంది.

అందుకే మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. అడిగి తీసుకోవాల్సిన మాట "30 మిల్లీ ఆంపియర్లది". ఫేజులో వెళ్లినంత కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే, సెకనులో మూడో వంతు లోపల అది మొత్తం లైను తెంచేస్తుంది. 100 మిల్లీ, 300 మిల్లీవి కూడా షాపులో ఉంటాయి. అవి మంటల నుంచి కాపాడడానికి, మనిషికి చాలవు. దీని ఖర్చు మధ్యరకం మిక్సీ ధరలోపే. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2010లో ఇచ్చిన భద్రతా నిబంధనల్లోనూ, వాటి స్థానంలో 2023లో వచ్చిన వాటిలోనూ ఎర్త్ లీకేజీ రక్షణ మాట ఉంది. కొత్తగా కట్టే అపార్టుమెంట్లలో పెడుతున్నారు. పాత ఇళ్లే మిగిలిపోయాయి, మన వాడంతా పాత ఇళ్లే.

పెట్టాక ఒక కష్టం వస్తుంది, ముందే చెబుతున్నాం. అది మాటిమాటికీ పడిపోవచ్చు. "ఇది ఊరికే పడుతోంది, తీసేయండి" అని వారానికే దాన్ని తప్పించి డైరెక్టు చేయించుకున్న ఇళ్లున్నాయి. ఊరికే పడదు. గీజరు ఎలిమెంటు చితికి ఉంటుంది, లేదా ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కు తగిలి ఉంటుంది, లేదా ఇన్వర్టర్ బిగించినవాళ్లు న్యూట్రల్స్ కలగలిపి ఉంటారు. అది పడడమంటే ఇంట్లో జబ్బు ఉందని మీకు చెప్పడమే. వెతకడం కష్టం కాదు: ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేయండి. స్విచ్చు ఆపితే చాలదు, స్విచ్చు ఫేజునే తెంచుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది. ఆర్‌సీసీబీ ఎత్తండి. నిలబడితే ఒక్కో సామానూ ప్లగ్గు పెట్టి స్విచ్చు వేస్తూ రండి. ఏది పెట్టగానే పడిందో దొంగ అదే. ఏ ప్లగ్గూ లేకపోయినా పడుతోందంటే తప్పు గోడలోని వైరింగ్‌లో ఉంది, మనిషిని పిలిచి మెగ్గర్‌తో (వైరు తొడుగు బాగుందో లేదో కొలిచే మీటరుతో) చూపించండి. ఆర్‌సీసీబీ మీద "టి" అని ఒక బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. నొక్కినప్పుడు పడకపోతే అది ఉన్నా లేనట్టే.

వేడెక్కే సాకెట్

షాక్ గురించి ఇంత చెప్పాం గానీ, ఎమ్‌సీబీ, ఆర్‌సీసీబీ రెండూ పట్టుకోలేని తప్పు ఒకటుంది: లూజు కాంటాక్టు. 2000 వాట్ల గీజరు దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్ వెనక స్క్రూ వదులై అక్కడ అర ఓము నిరోధం ఏర్పడిందంటే, ఆ ఒక్క చుక్కలో 38 వాట్ల వేడి పుడుతుంది. సెల్‌ఫోన్ రిపేరు షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అలాంటిదాన్ని వేడిగా ఉండగానే బోర్డు వెనక పెట్టి స్క్రూలు బిగించినట్టన్నమాట. కరెంటు పెరగదు కాబట్టి ఎమ్‌సీబీ పడదు. నేలలోకి కారదు కాబట్టి ఆర్‌సీసీబీ పడదు. పట్టుకునేది మీ ముక్కు, మీ చెయ్యి, మీ చెవి.

బోర్డు దగ్గర కాలిన ప్లాస్టిక్ వాసన, చేపల కంపులాంటి వాసన వస్తోందా? సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమ మచ్చ పడిందా? ప్లగ్గు పెడితే చిటపటమంటోందా, కదిపితేగానీ అందుకోవడం లేదా? పావుగంట ఐరన్ వాడి, స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, దాని ప్లాస్టిక్ భాగం ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్ ఇక వాడొద్దు. శుభ్రం చేసి బిగిస్తే సరిపోదు. ఒకసారి కాలిన లోపలి పట్టీ పట్టు కోల్పోతుంది, మళ్లీ కాలుతుంది. మార్చేయాల్సిందే.

చిన్న త్రీపిన్ సాకెట్ 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. బకెట్లో పెట్టే 1500 వాట్ల హీటర్ రాడ్డు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. దాన్ని చిన్న సాకెట్లో పెట్టడమంటే రోజూ హద్దు దాటడమే. 16 ఆంపియర్ల సాకెట్‌కు కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఏసీకి, పెద్ద గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్లది మెయిన్ నుంచి నేరుగా రావాలి. కరెంటు స్కూటర్లు కొన్నవాళ్లు ఇది ప్రత్యేకంగా చదవండి. ఐరన్ పది నిమిషాల్లో ఆగుతుంది, స్కూటర్ రాత్రంతా లాగుతూనే ఉంటుంది. లూజు స్క్రూకు అంత సమయం చాలు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద చార్జింగ్ పెట్టి పడుకోవద్దు.

ఎక్స్‌టెన్షన్ బాక్సుల మాట వచ్చింది కాబట్టి: రోడ్డు పక్క బండి మీద కొన్న వాటిని తిప్పి చూడండి. పైన త్రీపిన్ సాకెట్లు ఉంటాయి, లోపలికి వచ్చే వైరులో మాత్రం రెండే తీగలు. పై రంధ్రం బొమ్మకే పెట్టారు. గోడలో వేలకు వేలు పోసి ఎర్త్ వేయించి, ఫ్రిజ్‌ను ఆ బాక్సుకు తగిలిస్తే మళ్లీ మొదటికే.

ఈ రోజునుంచే మానాల్సినవి

రీఫిల్‌తోనో, అగ్గిపుల్లతోనో పై రంధ్రంలో పొడిచి షట్టర్ తెరిచి టూపిన్ దూర్చడం మానండి. ఎర్త్ పిన్ను పొడవుగా చేసింది, మిగతా రెంటికంటే ముందు ఎర్త్ తగలాలని; అది లోపలికి వెళ్లాకే షట్టర్ తెరుచుకుంటుంది. మీరు పొడిచేది పిల్లలు చూస్తున్నారు, రేపు వాళ్లు మేకుతో పొడుస్తారు. ప్లగ్గు లేకుండా వైరు కొసలు సాకెట్లో దోపి అగ్గిపుల్లలు కొట్టడం కూడా మానండి, ఇది పెళ్లి పందిళ్లలో, వినాయకుడి మండపాల్లో మరీ ఎక్కువ. ఫ్యూజు పోయినప్పుడల్లా ఇంకో రెండు పోగులు కలిపి చుట్టడం కూడా అంతే. ఫ్యూజు పోతోందంటే పోగు సన్నగా ఉందని కాదు.

ఇనుప కూలర్లు ఉన్న ఇళ్లవాళ్లు దయచేసి వినండి. రేకు పెట్టె, లోపల నీళ్లు, నీళ్లలో మోటారు, చుట్టూ ఉత్తకాళ్లతో ఆడే పిల్లలు. వేసవి పత్రికల్లో వచ్చే కూలర్ వార్తలు మీరూ చదువుతున్నారు. నీళ్లు పోసే ముందు ప్లగ్గు పూర్తిగా పీకండి. రెండు తీగల వైరుతో నడుస్తున్న ఇనుప కూలర్‌కు వెంటనే మూడు తీగల వైరు, త్రీపిన్ వేయించండి.

మేడ మీద బట్టలారేసే దండెం ఇనుప తీగైతే ఇవాళే విప్పి నైలాన్ తాడు కట్టండి. సర్వీసు వైరు ఒరుసుకుని ఆ తీగకు కరెంటు ఎక్కి, ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోయిన ఇళ్ల సంగతి మనకు కొత్త కాదు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఇంటాయన్ని అడగడానికి మొహమాటపడుతున్నారని మాకు తెలుసు. అడిగితే వచ్చే జవాబూ తెలుసు: "మీకు ముందున్నవాళ్లకు కొట్టలేదే!" మీటరు దాకా వచ్చే లైను కరెంటు కంపెనీది. మీటరు నుంచి లోపలి వైరింగ్ ఇంటి యజమానిది. మీ ఫ్రిజ్ మంచిదా కాదా అన్న వాదన వద్దు. ఆదివారం పరీక్ష చేశాక వచ్చిన ఫలితం కాగితం మీద రాసిస్తాం, అది తీసుకెళ్లి మాట్లాడండి. కావాలంటే మేమూ వస్తాం. యజమానులకూ ఒక మాట: రంగులు వేయించి అద్దె పెంచుతున్నారు, సంతోషం. ఈసారి ఆ రంగుల డబ్బులో కొంత ఎర్త్ గుంతకు పెట్టండి.

ఎవరు చేయాలి, ఎవరు ముట్టుకోకూడదు

పైన చెప్పినవి చూడడం, వాసన పట్టడం, ప్లగ్గులు పీకడం వరకే మీ పని. బోర్డు విప్పడం మీ పని కాదు. మెయిన్ ఆపినా సరే. ఎందుకంటే ఇప్పుడు సగం ఇళ్లలో ఇన్వర్టర్ ఉంది. మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకుని అది తన లైన్లకు 230 వోల్టులు పంపడం మొదలుపెడుతుంది. చాలామంది తెలిసిన పనివాళ్లు కూడా ఇక్కడే దెబ్బతిన్నారు.

పిలిచే మనిషి ఐటీఐలో వైర్‌మన్ కోర్సో, ఎలక్ట్రీషియన్ కోర్సో చేశాడా, వైర్‌మన్ పర్మిట్ ఉందా అని అడగండి. అడగడం అవమానం కాదు, పర్మిట్ ఉన్నవాడు మురిసిపోయి చూపిస్తాడు. పని అయ్యాక, జంపరు లేదని చూసుకుని, సాకెట్ దగ్గర ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూపించమనండి. నిండుగా వెలగాలి, మసకగా వెలిగితే ఎర్త్ బలహీనం. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఇలా పెట్టగానే అది పడిపోవాలి, పడితే రెండూ పనిచేస్తున్నట్టు. డిజిటల్ మీటరు అంకె చూసి మాత్రం నమ్మకండి. తెగిపోయిన ఎర్త్ మీద కూడా అది వంద, నూటపది అని ఏదో ఒకటి చూపిస్తుంది. బల్బు వెలగాలంటే నిజంగా కరెంటు పారాలి.

వీధిలో ఒక ఇంట్లో బల్బులు కళ్లు చెదిరేలా వెలుగుతూ, పక్కింట్లో మిణుకుమంటుంటే అది మీ సాకెట్ తప్పు కాదు. స్తంభం దగ్గరో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో న్యూట్రల్ తెగింది. 230 రావాల్సిన చోట 400 వోల్టుల దాకా రావచ్చు, టీవీలు, ఫ్రిజ్‌లు వరసగా కాలిపోతాయి. అందరూ మెయిన్‌లు ఆపి, 1912కు ఫోన్ చేయండి. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా కరెంటు ఫిర్యాదులకు అదే నంబరు. స్తంభం ఎక్కే సాహసం ఎవరూ చేయకండి.

ఎవరినైనా కరెంటు పట్టుకుంటే చేత్తో లాగకండి. మెయిన్ ఆపండి, కుదరకపోతే పొడి కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో నెట్టండి. 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులూ కలిపి నిమిషానికి వందకు తగ్గకుండా గట్టిగా నొక్కుతూ ఉండండి, అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు.

వచ్చే ఆదివారం ఉదయం 7 గంటలకు నీళ్ల ట్యాంకు కింద కలుద్దాం. ప్లగ్ టెస్టర్లు, టెస్ట్ ల్యాంపు, మెగ్గర్ మేం తెస్తాం. ట్యాంకు పక్క సందుతో మొదలుపెట్టి ఇల్లిల్లూ తిరుగుతాం. పరీక్షకు డబ్బులు తీసుకోం. రిపేరు ఎవరితో చేయించుకుంటారో మీ ఇష్టం. ఈ కాగితం వెనకవైపు ఖాళీగా వదిలాం. శనివారం రాత్రి లోపు దాని మీద మీ ఇంట్లో ఏ గదిలో ఎన్ని సాకెట్లున్నాయో, ఏది వేడెక్కుతోందో, ఏ సామాను కొడుతోందో రాసిపెట్టండి. మేం వచ్చే టైముకు ఇంట్లో పెద్దవాళ్లొకరు ఉండాలి, ఇన్వర్టర్ స్విచ్చు ఎక్కడుందో వాళ్లకు తెలిసి ఉండాలి. ట్యాంకు దగ్గరికి వచ్చేటప్పుడు మీ ఎక్స్‌టెన్షన్ బాక్సులు సంచీలో వేసుకుని తీసుకురండి, వాటిని అక్కడే విప్పి చూసేద్దాం.

ఇట్లు,
మన వాడలో వైరింగ్ పని చేసుకునేవాళ్లం, వాళ్లకు తోడు నిలిచిన ఇరుగుపొరుగు